తడి దూది

1948లో లండన్ ఆసుపత్రిలో క్యాన్సర్‌తో కన్నుమూసిన డేవిడ్ తాస్మా పోలెండ్ నుంచి వచ్చిన యూదుడు. ఆయన మంచం పక్కన కూర్చుని మాటలు విన్న సిసిలీ సాండర్స్ నిష్ఠ గల క్రైస్తవురాలు. ఆమె కట్టబోయే ఇంట్లో ఒక కిటికీ కోసమని ఆయన 500 పౌండ్లు విడిచి వెళ్లారు. 1967లో ఆమె చివరి దశలో ఉన్న రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచారు. ఆ దారిలో ఎదిగిన ఉపశమన సేవలో నర్సు చేసే పని ఎంత గొప్ప విద్యో! ఎండిన పెదవులకు తడి దూది అద్దుతుంది, పుండ్లు పడకుండా పక్కకు తిప్పి వీపు వెనక దిండు సర్దుతుంది, మార్ఫిన్ వేళ తప్పనివ్వదు. నొప్పి తగ్గాకే కదా, మనిషికి తన దేవుడో, తన సందేహమో గుర్తొచ్చేది.

నర్సు తాను నమ్మిన సత్యాన్ని రోగికి చెప్పకుండా దాచడం తప్పు కాదా అని భక్తులు అడుగుతారు. అడిగితే చెప్పవచ్చు. కానీ మంచం పట్టినవాడు లేచి వెళ్లిపోలేడు, వాదించే ఓపికా ఉండదు. అతనికి చేసే బోధ బలవంతమే. తులసి తీర్థం పోసే కొడుక్కి చోటిచ్చినా, ఏ దేవుడూ వద్దన్నవాడి చేయి ఊరికే పట్టుకున్నా ఆమె విశ్వాసం వీసమెత్తు తరగదు. సొంత మతం వాళ్ల మాటే లోతుగా తాకుతుందంటారా, నిజమే. పూజారికో, ఇమాముకో, పాస్టరుకో కబురు పెట్టేదీ ఆమే, వాళ్లొచ్చేదాకా పెదవులు తడుపుతూ ఉండేదీ ఆమే.