నీటిలోకి అడుగేసే ముందు

స్కూబా డైవింగ్ అనగానే అందరూ పగడాల గురించీ, తాబేళ్ల గురించీ చెబుతారు. నన్నడిగితే ఆ విద్యలోని పనితనమంతా పడవ అంచున, నీటిలోకి దిగకముందే కనిపిస్తుంది. జతగా దిగే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ఒకరి సరంజామా ఒకరు పరీక్షించుకుంటారు. దాన్ని బడ్డీ చెక్ అంటారు. ఆరితేరిన డైవర్ చేస్తుంటే చూడాలి! మంగళగిరి నేతగాడు మగ్గం మీద పోగు పోగూ తడిమినట్టుంటుంది.

మొదట బీసీడీ, అంటే గాలి నింపితే మనిషిని తేల్చే జాకెట్టు. మీట నొక్కి నింపుతారు, వదులుతారు, ఎక్కడైనా కారుతోందేమో చెవి పెట్టి వింటారు. తర్వాత సీసపు బరువులు. బెల్టు బకిల్ కుడిచేత్తో ఒక్క లాగుకు ఊడిరావాలి, ఏ పట్టీ కిందా ఇరుక్కోకూడదు. ఆపదలో బడ్డీ చెయ్యి తడుముకోకుండా నేరుగా దాని మీదికే పోవాలి. ఆ తర్వాత సిలిండర్ పట్టీ, క్లిప్పులు ఒక్కొక్కటీ లాగి చూస్తారు.

అసలు కళ గాలి దగ్గరుంది. సిలిండర్ గాలిని అందించే రెగ్యులేటర్ నోట పెట్టుకుని, ప్రెషర్ గేజ్ మీద నుంచి కళ్లు తిప్పకుండా నాలుగైదు నిండు శ్వాసలు పీల్చాలి. ముల్లు కదలకూడదు. పీల్చినప్పుడల్లా అది పడి లేస్తుంటే సిలిండర్ వాల్వ్ సరిగా తెరుచుకోలేదన్నమాట. అరకొరగా తెరిచిన వాల్వ్ పడవ మీద హాయిగానే గాలినిస్తుంది. పది మీటర్ల లోతులో పీడనం రెట్టింపవుతుంది, ప్రతి శ్వాసకూ రెట్టింపు గాలి కావాలి. మోసం అక్కడ బయటపడుతుంది. గాలి నూనె వాసన వేస్తే ఆ సిలిండర్ను పక్కన పెట్టాల్సిందే. బడ్డీకి ఇవ్వాల్సిన రెండో రెగ్యులేటర్ నుంచీ పీల్చి చూడాలి.

ఇక దిగడం. ఎత్తైన పడవ నుంచయితే ముందు కిందికి చూడాలి. అక్కడ ఎవరైనా ఉన్నారా, లోతు చాలినంత ఉందా, ప్రొపెల్లర్ ఆగిందా? బీసీడీలో కొంత గాలి నింపి, అరచేత్తో రెగ్యులేటర్ను, అదే చేతి వేళ్లతో మాస్కును అదిమిపట్టి, చూపు దూరాన నిలిపి ఒక పెద్ద అంగ వేయాలి. ఎగిరి దూకకూడదు. చిన్న పడవయితే అంచున కూర్చుని, గడ్డం ఛాతీకి ఆనించి వెనక్కి ఒరగాలి. పడవ మీది మనిషి వెనక ఖాళీ ఉందని చెప్పాక, లెక్కపెట్టి అందరూ ఒకేసారి! ఒక్కరు ఆలస్యం చేసినా వాళ్ల సిలిండర్ కింద తేలుతున్నవాడి నెత్తిన పడవచ్చు. పైకి తేలగానే పడవకు సైగ చేసి పక్కకు తప్పుకోవాలి.

ఈ విద్యకు ఆధారమైన ఆక్వాలంగ్ అనే శ్వాస పరికరం 1943లో ఫ్రాన్సులో కుస్తో, గన్యాన్ల చేతుల్లో పుట్టింది. ఆ కథ చాలామంది చెప్పారు. నా అభిమానం మాత్రం ఫ్లోరిడా గుహ డైవర్ల మీద. వాళ్లలో షెక్ ఎక్స్లీ అనే లెక్కల మాస్టారు గుహల్లో పోయిన ప్రాణాలను ఒక్కొక్కటిగా విశ్లేషించి 1979లో పుస్తకం రాశాడు. బయటిదాకా తెగని తాడు ఉండాలి, గాలిలో మూడో వంతు మించి లోపలికి పోవడానికి వాడకూడదు. ఇలాంటి నియమాలకు ఆయన పుస్తకం శాసనమంత బలం తెచ్చింది.

ఆ నిష్ఠ ఎంత దూరం పోగలదో 2018లో నీరు నిండిన థాయ్‌లాండ్ గుహ చూపించింది. లోపల చిక్కుకున్న పన్నెండు మంది పిల్లలనూ వాళ్ల కోచ్‌నూ రిక్ స్టాంటన్, జాన్ వోలాంథెన్ అనే గుహ డైవర్లు కనుగొన్నారు. వాళ్లను బయటికి తీసుకొచ్చే ముందు, ఈత కొలనులో స్థానిక పిల్లలతో పద్ధతిని పరీక్షించారు. ఆస్ట్రేలియా మత్తు వైద్యుడు రిచర్డ్ హ్యారిస్ పిల్లలకు మత్తిచ్చి, మాస్కు బిగించి, ముఖం నీటిలో ఉంచి, శ్వాస నిలకడగా ఆడుతోందని చూశాకే డైవర్లకు అప్పగించాడు. పదమూడు మందీ ప్రాణాలతో బయటపడ్డారు. ప్రపంచం సాహసాన్ని మెచ్చుకుంది. నేను ఆ పరీక్షకు మొక్కుతాను.

ఇంత గొప్ప విద్యను ఇవాళ సెలవుల వ్యాపారం నవ్వులపాలు చేస్తోంది. గేజ్ వంక చూడకుండా 'ఓకేనా?' అని బొటనవేలు ఎత్తడం చెక్ అవుతుందా? డైవింగ్‌లో బొటనవేలు ఎత్తితే పైకి పోదామని అర్థం. ఆ సంగతి కూడా మరిచారు! కెమెరాకు ఫ్రేము కుదిరిందా లేదా అన్న ధ్యాస వాల్వ్ మీద లేదు. 'వందసార్లు దిగాను, నాకెందుకు చెక్' అనే అనుభవజ్ఞుల మీద నాకు ఇంకా కోపం. ఉత్తర అమెరికా డైవింగ్ మరణాలపై 2008లో వచ్చిన ఒక పరిశోధనలో ప్రమాదానికి మొదటి కారణంగా అన్నిటికన్నా ఎక్కువ కనిపించింది గాలి అయిపోవడమే. గాలి సంగతి చూసుకోవడం ఆ గేజ్ దగ్గరే మొదలవుతుంది కదా!

అండమాన్‌లోని హేవ్‌లాక్‌కో, మన రుషికొండకో మొదటిసారి డైవింగ్‌కు వెళ్లే తెలుగువారికి నా విన్నపం ఒక్కటే. ధర అడిగే ముందు, శిక్షకుడు తన సిలిండర్నూ మీ సిలిండర్నూ ఎలా పరీక్షిస్తాడో చూపించమనండి. విసుక్కుంటే అతనితో దిగకండి. ఓపిగ్గా చూపిస్తే అతన్ని గురువుగా ఎంచుకోండి, పదిమందికీ అతని పేరు చెప్పండి. నిజమైన పనివాళ్లకు గిరాకీ మనం తెస్తేనే ఈ విద్య బతుకుతుంది.