ఐదువేల చుట్ల పనితనం

అరచేతిలో ఇమిడే లోహపు డబ్బా అది, గిటార్ తీగల నాదాన్ని పట్టే పికప్. మూత తీస్తే పక్కపక్కనే రెండు బాబిన్లు, ఒక్కోదాని మీద సుమారు 5,000 చుట్ల రాగి తీగ, అడుగున ఒక అయస్కాంతపు పట్టీ. తీగ మందం 0.063 మిల్లీమీటర్లు, అంటే తల వెంట్రుకంత. గట్టిగా లాగితే తెగుతుంది, వదులుగా వదిలితే చుట్లు అదిరి కూత పెడతాయి. సెమీ హాలో గిటార్‌కు కొత్త బ్రిడ్జ్ పికప్ ఎంచుకునేటప్పుడు నేను ముందు చూసేది ఈ చుట్ల వెనకున్న నిదానాన్నే.

ఈ రెండు కాయిల్స్ పికప్‌కు మూలపురుషుడు సెత్ లవర్, అమెరికాలోని కాలమజూ ఊళ్లో గిబ్సన్ కంపెనీ ఇంజనీరు. ఒకే కాయిల్ ఉన్న పికప్ తీగల నాదంతో పాటు కరెంటు రొదనూ పట్టేస్తుంది. లవర్ రెండు కాయిల్స్‌ను ఎదురెదురుగా కలిపి, వాటి అయస్కాంత ధ్రువాలనూ తారుమారు చేశాడు. రొదకు అయస్కాంతంతో పని లేదు కనుక ఒక కాయిల్‌లోది రెండోదానిలోదాన్ని కొట్టేస్తుంది. తీగ నాదం మాత్రం రెండుసార్లు తిరగబడి, మళ్లీ ఒకే దారిన పడి కలుస్తుంది. 1955లో చేసిన పేటెంటు దరఖాస్తుకు 1959లో మంజూరు వచ్చింది. పేటెంటుకు దరఖాస్తు చేశామన్న చీటీ అంటించిన ఆనాటి పికప్‌లనే గిటారిస్టులు నేటికీ పీఏఎఫ్ అని ప్రేమగా పిలుచుకుంటారు.

1958లో వచ్చిన గిబ్సన్ సెమీ హాలో గిటార్ ఈఎస్-335లో ఆ పికప్‌లే ఉన్నాయి. దాని ఒంటికి రెండు పక్కలా బోలు, నడుమ మేపుల్ దిమ్మ. బోలు నాదానికి ఊపిరి పోస్తుంది, దిమ్మ దాన్ని అదుపులో పెడుతుంది. అయితే బ్రిడ్జ్ దగ్గర తీగ కొద్దిగానే ఊగుతుంది కనుక అక్కడి పలుకు సన్నగా, పదునుగా ఉంటుంది. అందుకే మంచి పనివాళ్లు బ్రిడ్జ్ పికప్‌కు కొన్ని చుట్లు ఎక్కువ వేస్తారు. నెక్ పికప్ నిరోధం 7.5 కిలో ఓమ్‌లైతే, అదే తీగతో చుట్టిన బ్రిడ్జ్ పికప్‌ది 8 లేదా 8.5 ఉంటే జోడీ కుదురుతుంది. పిండి కొద్దీ రొట్టె కదా అని 15 దాకా చుట్టుకుంటూ పోతే మోత పెరుగుతుంది, మధ్య స్థాయి చిక్కబడుతుంది. కానీ పై స్వరాల మెరుపు మాసి, ఆ బోలు చెక్క ఇచ్చిన ఊపిరి వినపడకుండా పోతుంది.

అయస్కాంతం సంగతీ అంతే. అల్నికో 5 గట్టి దెబ్బ, స్పష్టమైన అంచు ఇస్తుంది. అల్నికో 2 అంచును కాస్త నునుపు చేస్తుంది. పదును ఎక్కువైన గిటార్‌కు నేను రెండోదే చెబుతాను. మూత మన ఇళ్లలో పూజసామానుగా కనిపించే జర్మన్ సిల్వర్‌దైతే మేలు, ఇత్తడి మూత పై స్వరాలను కొంత మింగేస్తుంది. పాత పికప్‌లను మైనంలో ముంచేవారు కాదు, అందుకే వాటి పలుకులో అంత సజీవత. పెద్ద సౌండ్‌తో వేదికెక్కేవారికి మాత్రం పల్చగా మైనం పట్టించినదే క్షేమం, లేకపోతే బోలు ఒళ్లు కూతకు తోడవుతుంది.

ఇక బిగించడం. ఈ గిటార్లలో చాలావాటికి వెనక తలుపు ఉండదు. వాల్యూమ్, టోన్ కంట్రోళ్లన్నీ ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచే రావాలి, పోవాలి. ఒక్కో కంట్రోల్ కాడకు దారం కట్టి, ఏ దారం ఏ బెజ్జానిదో గుర్తు పెట్టుకుని లోపలికి జారవిడుస్తాను. టంకం పని ముగిశాక దారం మెల్లగా లాగితే కాడ తన బెజ్జంలోంచి తల బయటపెడుతుంది. ఎన్నిసార్లు చేసినా ఆ క్షణంలో ఊపిరి బిగబడుతుంది.

తీగలు శ్రుతి చేసి, వాల్యూమ్ సగానికి తగ్గించి ఒక్క కార్డ్ మీటుతాను. పికప్ మంచిదైతే ముందు మీటిన దెబ్బ, వెంటనే ఉక్కు తీగ, ఆ వెనకే చెక్క, ఒకదాని తర్వాత ఒకటి విడివిడిగా వినిపిస్తాయి. ఇంకో వెయ్యి చుట్లు వేయగలిగీ ఆపేసిన చేతికి అప్పుడు మనసులోనే దణ్ణం పెట్టుకుంటాను.