ద్వంద్వయుద్ధం - యుద్ధవిరామం: ఇలియడ్ వెలుగులో బొబ్బిలి కథ

1. ప్రవేశిక

వీరకావ్యాలలోని ద్వంద్వయుద్ధాన్ని ఇద్దరు వీరుల బలపరీక్షగా వివరించడం విమర్శలో పరిపాటి. అయితే ద్వంద్వయుద్ధం ఒక ఒప్పందం కూడా. ఇద్దరు పోరాడాలంటే మిగిలినవారందరూ ఆయుధాలు దించాలి. ఆ అంగీకారం కుదరనిచోట వీరులు ఎంతటివారైనా ద్వంద్వయుద్ధానికి తావుండదు. ప్రాచీన గ్రీకు కావ్యమైన ఇలియడ్‌ను ఆధారంగా చేసుకొని, 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధాన్ని గురించిన కథాసంప్రదాయాన్ని ఈ దృష్టితో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఇలియడ్‌లో ఒప్పందం

మూడవ సర్గలో పారిస్, మెనెలాస్‌లు తలపడటానికి ముందు గొర్రెపిల్లలను బలి ఇచ్చి, జ్యూస్‌ను సాక్షిగా నిలిపి ఇరుపక్షాలూ ప్రమాణం చేస్తాయి. ట్రాయ్ వీరుడు హెక్టర్, గ్రీకు వీరుడు ఒడిస్యూస్ కలిసి పోరుకు స్థలం కొలుస్తారు. గెలిచినవాడికి హెలెన్ దక్కాలి, సైన్యాలు మైత్రితో విడిపోవాలి. పారిస్‌ను దేవత తప్పించడం, నాలుగవ సర్గలో పాండరస్ బాణం వేయడం వల్ల ఆ ఒప్పందం భంగమవుతుంది. అయితే ప్రమాణం ఉంది కనుకనే ఆ బాణం ప్రమాణభంగం అనిపించుకుంది.

ఏడవ సర్గలో హెక్టర్, ఏజాక్స్‌ల పోరును చీకటి పడుతున్నదని ఇరువైపుల వార్తాహరులు ఆపుతారు. వీరులు ఖడ్గాన్నీ నడికట్టునూ పరస్పరం కానుకలుగా ఇచ్చుకుంటారు. ఆపై మృతుల దహనానికి విరామం ప్రకటిస్తారు. చివరి సర్గలో హెక్టర్ అంత్యక్రియల కోసం అకిలీస్ 11 రోజులు యుద్ధం ఆపుతానని మాట ఇస్తాడు. ఈ ఘట్టాలన్నిటికీ ఆధారమైనవి మూడు: ఇరుసేనల నడుమ కొలిచిన స్థలం, ఇరువురూ అంగీకరించిన సాక్షి, ఇరుపక్షాలూ గౌరవించే దూత.

3. బొబ్బిలిలో లోపించినవి

బొబ్బిలిలో ఈ మూడూ కనిపించవు. 18వ శతాబ్దపు చరిత్రకారుడు రాబర్ట్ ఓర్మ్ కథనం ప్రకారం, కోట విడిచిపెడితే వేరొకచోట భూములిస్తామని ఫ్రెంచి సేనాని బుస్సీ రంగారావుకు ప్రతిపాదించాడు. రంగారావు దానిని అవమానంగా భావించి తిరస్కరించాడు. సంధి మాటలు పలికిన బుస్సీ విజయనగర ప్రభువు విజయరామరాజుకు మిత్రుడు. కోటను పగులగొట్టే ఫిరంగులూ అతనివే. మధ్యవర్తి, ప్రతిపక్షి ఒకడే అయినప్పుడు ప్రమాణానికి సాక్షి ఎవరు? కోటకూ శిబిరానికీ నడుమనున్న నేల ఫిరంగుల పాలైనప్పుడు పోరుకు స్థలం కొలిచేదెవరు?

పరాజయం తప్పదని తేలాక కోటలోని స్త్రీలు, పిల్లలు శత్రువుకు చిక్కకుండా తమవారి చేతులలోనే మరణించారు. హెక్టర్‌కు దొరికిన 11 రోజులవంటి విరామం వీరికి దొరకలేదు. కథాసంప్రదాయంలో ప్రధాన వీరుడైన తాండ్ర పాపారాయుడు ఆ వేళ రాజాంలో ఉన్నాడు. అతడు వచ్చేసరికి అంతా ముగిసింది.

4. డేరాలోని పోరు

ఓర్మ్ ప్రకారం, యుద్ధం జరిగిన మూడవ రాత్రి రంగారావు సైనికులు ఇద్దరు విజయరామరాజు డేరాను వెనుకనుంచి చీల్చి లోపలికి వెళ్లి, నిద్రిస్తున్న అతణ్ణి పొడిచి చంపారు. తామూ అక్కడే హతులయ్యారు. ఓర్మ్ వారి పేర్లు చెప్పలేదు. కథాసంప్రదాయం ఆ పనిని పాపారాయుడనే ఒక్క వీరుడికి అప్పగించింది. ఈ మార్పు విమర్శకులు గమనించవలసినది. పేరులేని ఇద్దరి స్థానంలో పేరున్న ఒక్కడు నిలవడంతో, రాత్రిపూట జరిగిన హత్య ఇద్దరు సమవీరుల లెక్క తేలిన ఘట్టంగా రూపుదిద్దుకుంది. పగటివేళ, ఇరుసేనల ఎదుట జరగవలసిన ద్వంద్వయుద్ధం యుద్ధానంతరం, చీకటిలో, సాక్షులు లేకుండా జరిగింది.

ఇలియడ్ పదవ సర్గలో డయోమిడిస్, ఒడిస్యూస్‌లు రాత్రివేళ శత్రుశిబిరంలో చొరబడతారు. నిద్రిస్తున్న రీసస్‌ను డయోమిడిస్ చంపుతాడు. గ్రీకులు ఆ సాహసాన్ని మెచ్చుకుంటారు. అయినా కావ్యం దానిని ద్వంద్వయుద్ధంతో సమానం చేయదు.

5. ముగింపు

పాపారాయుడి చర్యను ఒక ఊరు వీరత్వమంటే, మరొక ఊరు ద్రోహమనవచ్చు. బొబ్బిలికీ విజయనగరానికీ మధ్య దూరం కొద్దిపాటిదే. ఈ రెండు మాటల మధ్య దూరం మాత్రం నేటికీ తరగలేదు. విమర్శకుడు ఏదో ఒక పక్షం వహించడంకన్నా, ఆ చర్య అనివార్యమనిపించేలా చేసిన లోటును గుర్తించడం ముఖ్యం. సంధికి నమ్మదగిన సాక్షి లేకపోవడమే ఆ లోటు. బొబ్బిలి కథను కేవలం పౌరుషగాథగా బోధించినప్పుడు విద్యార్థికి ఈ అంశం అందదు. ఇలియడ్‌తో కలిపి చదివినప్పుడు, కథకులు పాపారాయుడి శౌర్యంతోపాటు దక్కని యుద్ధవిరామాన్ని కూడా గానం చేశారని స్పష్టమవుతుంది.