ముందొకరు, వెనకొకరు

తెలుగువాడికి వేసవి అంటే రోహిణి కార్తెతో సరి. మృగశిర వచ్చిందంటే చేపల పులుసు తిని, గొడుగు దులిపి పెట్టుకుంటాడు. అమెరికాలోని మిన్నెసోటాలో మాత్రం అప్పటికి వేసవి కళ్ళు తెరుస్తుందంతే. మనకు శ్రావణ, భాద్రపదాల ముసురు పట్టినప్పుడు అక్కడివాళ్ళు ఎండ అయిపోవస్తోందని కంగారు పడుతుంటారు. సెప్టెంబరు మొదటి సోమవారం లేబర్ డే. అది దాటిందంటే బడిగంట, ఆ వెనకే చలి. అందుకే ఆగస్టు శనాదివారాల్లో ఆ రాష్ట్రం సగం రోడ్ల మీదే ఉంటుంది. ఏ కారు పైకప్పు చూసినా బోర్లించి కట్టిన పడవే.

ఆ కార్ల నంబరు ప్లేట్ల మీద 'పది వేల సరస్సులు' అని రాసి ఉంటుంది. పదెకరాలకు తగ్గనివే లెక్కపెట్టినా 11,842 ఉన్నాయని అక్కడి ప్రకృతి వనరుల శాఖ చెబుతుంది. గొప్పలు పోతూ కూడా తక్కువ చెప్పుకునే ఊరు మనవైపు దొరకడం కష్టం.

ఈ కాలమిస్టు పశ్చిమ గోదావరివాడు. కొల్లేటిలో తాటిదోనెలు చూస్తూ పెరిగినా తెడ్డు పట్టినవాడు కాదు. నిరుడు, అంటే 2025 వేసవిలో, భార్యతో కలిసి మినియాపొలిస్‌లో కూతురింట్లో ఉన్నాడు. అమెరికా వెళ్ళిన తల్లిదండ్రుల దినచర్య అందరికీ తెలిసిందే: పొద్దున నడక, మధ్యాహ్నం కునుకు, సాయంత్రం మాల్. ఆ ఇంట్లో అది సాగలేదు. పొద్దున టీవీలో ఆట, ఎండ తగ్గాక నీటి మీద తెడ్డు. ఈ రెండు పనులకూ ఉన్న చుట్టరికం ఆయనకు కాస్త ఆలస్యంగా తెలిసింది.

మినియాపొలిస్ నడిబొడ్డున సరస్సుల గొలుసు ఒకటుంది. వాటి మధ్య కాలువలు తవ్వి, 1911లో కలిపినప్పుడు నగరం పెద్ద సంబరమే చేసుకుంది. పడవ దిగకుండా వంతెనల కింద నుంచి ఒక సరస్సులోంచి ఇంకో సరస్సులోకి వెళ్ళిపోవచ్చు. అద్దెకు కయాక్‌లు, కానూలు రెండూ దొరుకుతాయి. కుర్రకారు కయాక్ ఎక్కుతారు. రెండు వైపులా రెక్కలున్న తెడ్డు, ఎవరి పడవ వారిది, ఎవరి దారి వారిది. ఒంటరివాళ్ళకు అది బాగుంటుంది. కుటుంబానికి మాత్రం కానూయే, ఇందులో ఈ కాలమిస్టుకు రెండో మాట లేదు.

కానూలో ముందొకరు, వెనకొకరు కూర్చుంటారు. ఎవరి తెడ్డు వారిది, దానికి ఒకటే రెక్క. ముందు కూర్చున్నవాడే పడవ నడుపుతాడని కొత్తవాళ్ళంతా అనుకుంటారు. కాదు. ముందువాడు ఇచ్చేది ఊపు, లయ. దారి వెనకవాడి చేతిలో ఉంటుంది. వెనక కొసన కుడివైపు తెడ్డు వేస్తే పడవ ముక్కు ఎడమకు తిరుగుతుంది, ఎడమన వేస్తే కుడికి. ఊరికే వేసుకుంటూ పోతే పడవ గుండ్రంగా తిరుగుతుంది తప్ప ముందుకు సాగదు. కాబట్టి వెనకవాడు ప్రతి తోపు చివరా చిన్న సవరణ చేస్తాడు. తెడ్డు తుంటి దగ్గరికి వచ్చేసరికి పై చేతి బొటనవేలు కిందికి చూసేలా మణికట్టు తిప్పి, రెక్కతో నీటిని పక్కకు నెడతాడు. తెడ్డు నీటిలో గీసిన దారి ఇంగ్లీషు 'జే' అక్షరంలా ఉంటుంది గనుక దాన్ని జే స్ట్రోక్ అంటారు. ముందు కూర్చున్నవాడికి ఇదేదీ కనబడదు. తన బలంతోనే పడవ తిన్నగా పోతోందని మురిసిపోతూ ఉంటాడు.

ఆ మురిసిపోయే చోటు కాలమిస్టుది. వెనక కూతురు. నడుమ, కొంచెం వెనక్కి జరిగి, తెడ్డు ముట్టనని ముందే చెప్పేసిన భార్య. బరువైన మనిషి ముందు కూర్చుంటే పడవ ముక్కు దిగబడి, తిప్పడం కష్టమవుతుంది. అందుకే తల్లినీ తిండి సంచినీ కూతురు వెనక్కి సర్దింది. అల్లుడు, మనవరాలు ఇంకో కానూలో. మనవరాలికి పదేళ్ళు నిండలేదు, లైఫ్ జాకెట్ తొడుక్కుని తీరాలని ఆ రాష్ట్రంలో చట్టం. పెద్దలకైతే పడవలో మనిషికొకటి చొప్పున ఉంటే చాలు. తాతకు ఆ వెసులుబాటు ఆ పిల్ల ఇవ్వలేదు.

"నాన్నా, చేతులతో కాదు, నడుముతో వెయ్యి."

ఇది వెనక నుంచి వచ్చిన మొదటి పాఠం. మోచేతులు ముడిచి లాగితే పది నిమిషాల్లో భుజాలు పోతాయి. చేతులు దాదాపు చాచే ఉంచి, మొండెం తిప్పి, తెడ్డు నిలువుగా నీటిలో దించాలి. మోకాలి దగ్గర దించి తుంటి దగ్గర తీసేయాలి. ఇంకా వెనక్కి లాగితే నీళ్ళు పైకి లేవడమే తప్ప పడవ కదలదు. రెండో పాఠం, వెనక్కి తిరిగి చూడకూడదు. తిరిగితే పడవ ఊగుతుంది. ఏదైనా చెప్పాలంటే ముందుకు చూస్తూనే చెప్పాలి.

ఈ రెండో పాఠంలోనే అసలు సంగతి ఉంది. తెడ్లపందెం పడవల్లో, అంటే రోయింగులో, మనుషులు వెళ్ళే దిక్కుకు వీపు పెట్టి కూర్చుంటారు. కానూలో ఇద్దరూ ఒకే వైపు చూస్తారు, ఒకరి ముఖం ఒకరు చూసుకోరు. భోజనాల బల్ల దగ్గర నాన్న ముఖం చూస్తూ చెప్పలేని మాటలు నాన్న వీపు చూస్తూ చెప్పగలుగుతారు పిల్లలు. ఉద్యోగం మారాలనుకుంటున్న సంగతి కూతురు కాలువ వంతెన కింద చెప్పింది. విన్నవాడి ముఖంలో ఏ రంగు మారిందో ఆమెకు కనబడలేదు, తెడ్డు లయ తప్పకపోవడం మాత్రం చూసి ఉంటుంది. తల్లి నడుమ కూర్చుని రెండు వైపుల మాటా విన్నది. ఇంటికి వెళ్ళాక ఏకంగా తీర్పే చెప్పింది, అది వేరే కథ.

పక్క పడవలో ఇంత శాంతం లేదు. అక్కడ "హట్!" అని ఒక కేక, వెంటనే ఇద్దరూ తెడ్డు పక్క మార్చడం. జే స్ట్రోక్‌లో ప్రతి తోపుకూ కొంత ఊపు సవరణకే పోతుంది. ఆ నష్టమెందుకని, కొన్ని తోపులు ఒక పక్క వేసి, కేక వేసి, రెండో పక్కకు మారితే పడవ దానంతటదే తిన్నగా పోతుంది. ఈ పద్ధతికి మిన్నెసోటా స్విచ్ అనే పేరే ఉంది. అక్కడి పందెగాడు, పడవల రూపశిల్పి జీన్ జెన్సన్ దీన్ని వ్యాప్తిలోకి తెచ్చినవాళ్ళలో ముఖ్యుడు. మెడ వంచిన తెడ్డు కూడా ఆయన చలవే. మనవరాలికి తెడ్డు మీద కన్నా కేక మీద మక్కువ ఎక్కువ.

ఆగస్టు చివర్లో బౌండరీ వాటర్స్ ప్రయాణం. మిన్నెసోటా ఈశాన్య మూలన, కెనడా సరిహద్దును ఆనుకుని పది లక్షల ఎకరాల పైచిలుకు అడవి, అందులో వెయ్యికి మించిన సరస్సులు. 1964 నాటి అరణ్య చట్టం కిందికి వచ్చిన చోటు. చాలా సరస్సుల్లో మోటారు మోగకూడదు. ఒక జట్టులో తొమ్మిదిమందికీ నాలుగు పడవలకూ మించకూడదు. మే 1 నుంచి సెప్టెంబరు 30 దాకా రాత్రి మకాముకు కోటా ప్రకారం పర్మిట్ తీసుకోవాలి. తిండి పదార్థాలు రేకు టిన్నుల్లో, గాజుసీసాల్లో తేవడం నిషేధం. దాంతో భీమవరం నుంచి సీసాలో సముద్రాలు దాటి వచ్చిన ఆవకాయ ప్లాస్టిక్ డబ్బాలోకి మారింది. ఆ మార్పు అత్తగారికి సుతరామూ నచ్చలేదు. నల్ల ఎలుగుబంట్ల భయం ఉంది గనుక తిండి సంచిని రాత్రి పన్నెండడుగుల ఎత్తున వేలాడదీయాలి, లేదా ఎలుగు తెరవలేని పెట్టెలో పెట్టాలి. ఇంగువ వాసనకు ఎలుగు వస్తుందా పారిపోతుందా అని మామా అల్లుళ్ళ మధ్య చర్చ జరిగింది.

సరస్సుకూ సరస్సుకూ నడుమ నేల వస్తే పడవను నెత్తిన పెట్టుకుని నడవాలి. దాన్ని పోర్టేజ్ అంటారు. ఆ దారుల కొలత ఇప్పటికీ రాడ్లలోనే. ఒక రాడ్ అంటే పదహారున్నర అడుగులు, దరిదాపు ఒక కానూ పొడవు. 320 రాడ్లయితే మైలు. ఇప్పటి కెవ్లార్ కానూ ఇరవై కిలోలకు లోపే ఉంటుంది, అల్లుడు ఒక్కడే ఎత్తుకున్నాడు. పూర్వం అది కుదిరే పనే కాదు. 1944లో గ్రమ్మన్ విమానాల కంపెనీ అధికారి విలియం హాఫ్మన్ బరువైన చెక్క కానూ మోయలేక విసిగి, విమానాల అల్యూమినియంతో పడవ చేస్తే పోలేదా అనుకున్నాడు. యుద్ధం ముగిసిన ఏడాదే ఆ పడవలు తయారీలోకి వచ్చాయి. అంతకు ఎంతో ముందు, బొచ్చు వర్తకం రోజుల్లో, కూలీలు తలా రెండు మూటలు, ఒక్కోటి తొంభై పౌండ్లు, వీపున వేసుకుని గ్రాండ్ పోర్టేజ్ దారిలో ఎనిమిదిన్నర మైళ్ళు నడిచేవారు. సెలవు కోసం కాదు, కూలి కోసం. నేటి ప్రయాణికుడు సరదాగా మోసే బరువు వెనక ఆ చరిత్ర ఉంది.

కానూకు అసలు సొంతదారులు మాత్రం అక్కడి ఆదివాసులైన ఒజిబ్వే ప్రజలు. బిర్చ్ చెట్టు బెరడుతో కుట్టి, జిగురు పూసి కానూ కట్టిన నేర్పు వారిది. ఆగస్టు చివరన వారికి పంటకాలం. లోతు తక్కువ నీళ్ళలో దానంతటదే పెరిగే మనోమిన్, అంటే అడవిబియ్యం, కోతకు వస్తుంది. అక్కడా ఇద్దరే. ఒకరు నిలబడి గడ వేస్తూ పడవను పంటలోకి తోస్తారు. రెండోవారు కూర్చుని ఒక కర్రతో కంకుల్ని పడవ మీదికి వంచి, రెండో కర్రతో తట్టుతారు. పండిన గింజ రాలుతుంది, పండనిది కంకికే ఉంటుంది, కొన్నాళ్ళకు మళ్ళీ రావచ్చు. నీళ్ళలో పడ్డది వచ్చే ఏటి విత్తనం. ఆ కర్ర ముప్పై అంగుళాల పొడవుకూ పౌండు బరువుకూ మించకూడదని, పడవ పద్దెనిమిది అడుగుల పొడవు దాటకూడదని రాష్ట్ర చట్టంలో రాసుకున్నారు. యంత్రం వస్తే గడ్డి చస్తుందని భయం, న్యాయమైనదే. తర్వాత వేయించడం, తొక్కడం, చెరగడం అన్నీ మన ఇళ్ళలోలాగే. నల్లగా పొడుగ్గా ఉండే ఆ గింజ పులిహోరకు పనికిరాదని కాలమిస్టు భార్య తేల్చింది. ఉప్మాకు మాత్రం భేషని ఒప్పుకుంది.

ఇక టీవీ. ఆ ఏడాది ఆగస్టు 4, సోమవారం, ఓవల్‌లో భారత్, ఇంగ్లండు అయిదో టెస్టు అయిదో రోజు ఆట లండన్‌లో పదకొండింటికి మొదలైంది. మినియాపొలిస్‌లో అప్పుడు తెల్లవారుజామున అయిదు. "మామయ్యా, లేవండి, ఇంకా ముప్పై అయిదు పరుగులే" అని హైదరాబాదీ అల్లుడు తలుపు కొట్టాడు. ఇంగ్లండుకు చేతిలో నాలుగు వికెట్లు, అందులో ఒకటి భుజం జారి చెయ్యి కట్టుకున్న క్రిస్ వోక్స్‌ది. ముందురోజు ఇంగ్లండు బ్యాటర్ హ్యారీ బ్రూక్ పందొమ్మిది దగ్గర ఉండగా మన పేసర్ సిరాజ్ క్యాచ్ పట్టి, బౌండరీ తాడు తొక్కాడు. బ్రూక్ 111 చేశాడు. మరొకడైతే ఆ రాత్రి నిద్రపోలేడు. సిరాజ్ మర్నాడు పొద్దున వచ్చి మూడు వికెట్లు తీశాడు, ఆఖరిది అట్కిన్సన్‌కు వేసిన యార్కర్. భారత్ ఆరు పరుగులతో గెలిచింది, పరుగుల లెక్కన మన టెస్టు చరిత్రలో ఇంత సన్నని గెలుపు లేదు. అయిదు టెస్టులూ ఆడి, వెయ్యికి పైగా బంతులు వేసి, సిరీస్‌లో 23 వికెట్లు తీసినవాడు గంట లోపల పని ముగించాడు.

సోఫాలో అందరూ ఒకే వైపు చూస్తూ కూర్చున్నారు. వోక్స్ ఒంటిచేత్తో పరుగెత్తినప్పుడు మనవరాలు తాత చెయ్యి పట్టుకుంది, చూపు మాత్రం తెర మీదే. అయితే ఆ పిల్ల పెరిగింది బేస్‌బాల్‌తో. 2023 నుంచి అక్కడ బంతి విసిరేవాడికి గడియారం పెట్టారు. బేసుల మీద ఎవరూ లేకపోతే పదిహేను సెకన్లలో విసరాల్సిందే. దానితో సగటు ఆట మూడు గంటల పైనుంచి రెండు గంటల నలభై నిమిషాలకు దిగింది. "తాతయ్యా, సిరాజ్ ఎందుకు అంత దూరం వెనక్కి నడుస్తాడు?" అని ఆమె అడిగిన ప్రశ్నకు హైదరాబాదూ భీమవరమూ చెరొక జవాబు చెప్పాయి, ఏదీ ఆమెకు నచ్చలేదు.

పారిస్ ఒలింపిక్స్ కానూ పందెం రికార్డింగు చూపించింది కూడా ఆ పిల్లే. 2024 ఆగస్టు, ఆడవాళ్ళ రెండు వందల మీటర్లు, పడవకు ఒక్కరు. ఒక మోకాలి మీద కూర్చుని, మొదటి నుంచి చివరిదాకా ఒకే పక్క తెడ్డు, చుక్కాని లేదు. కెనడా అమ్మాయి కేటీ విన్సెంట్ 44.12 సెకన్లు, టోక్యోలో స్వర్ణం గెలిచిన అమెరికా అమ్మాయి నెవిన్ హారిసన్ 44.13. ఒకే పక్క వేస్తూ పడవ వంకర పోకుండా ఎలా పోతోందో కాలమిస్టు ఈసారి గీత దాటే క్షణం వదిలేసి మణికట్లు చూశాడు. తెడ్డు పట్టని రోజుల్లో అయితే అది కళ్ళకు ఆనేదే కాదు. మన దేశానికీ ఈ ఆటలో మరీ శూన్యం కాదు. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో అర్జున్ సింగ్, సునీల్ సింగ్ జంట వెయ్యి మీటర్ల పందెంలో కాంస్యం తెచ్చింది. ఆ జంటా ముందొకరు, వెనకొకరే.

వచ్చే వేసవి పర్మిట్ల బుకింగు జనవరి ఆఖరి బుధవారం మొదలవుతుంది. సరస్సులన్నీ గడ్డకట్టి, వాటి మీద కార్లు తిరిగే రోజులవి. ఈలోగా ఇంట్లో ఒక తగవు నడుస్తోంది. తనకు పదేళ్ళు వస్తాయి గనుక వెనక కూర్చునేది తనేనని, తాత ముందుండాలని మనవరాలి వాదం. బరువు లెక్క కుదరదని తల్లి అంది. పిల్ల అప్పటికే కాగితం మీద లెక్క వేసుకుంది. మూటలన్నీ వెనక, అమ్మమ్మ కూడా వెనక, ఆవకాయ డబ్బాలు రెండు. అమ్మమ్మ ఇంకా ఒప్పుకోలేదు.