ముహూర్తానికి అందే వెలుగు

తెలుగు పెళ్లిలో ముఖ్యమైన ఘట్టాలేవీ మళ్లీ చేయించగలిగినవి కావు. వధూవరులు ఒకరి తలపై ఒకరు జీలకర్ర బెల్లం పెట్టే వేళ, మాంగల్యధారణ వేళ, "ఇంకోసారి ఇటు చూడండి" అనే హక్కు ఫొటోగ్రాఫర్‌కు లేదు. పైగా ముహూర్తం చాలాసార్లు అర్ధరాత్రో తెల్లవారుజామునో పడుతుంది. అందుకే ఫ్లాష్ తప్పదు. అయితే అది కెమెరా నెత్తి మీదే ఉండక్కర్లేదు. దాన్ని కిందికి దించి, కావలసిన చోట నిలబెట్టే వీలు కల్పించింది వైర్‌లెస్ రేడియో ట్రిగ్గర్.

కెమెరా మీది ఫ్లాష్ వెలుగు ఎదురుగా పడుతుంది. ముఖం చదునుగా వస్తుంది, నుదుటి చెమట మెరుస్తుంది, వెనక నిలబడ్డ తల్లిదండ్రులు చీకట్లో కలిసిపోతారు. దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుగు నాలుగో వంతుకు పడిపోవడమే ఈ చీకటికి కారణం. ఫ్లాష్‌ను పక్కకు, ఎత్తుకు జరిపితే ముఖం తీరు కనిపిస్తుంది, పట్టుచీర నేత తెలుస్తుంది.

దూరంగా పెట్టిన ఫ్లాష్‌ను వెలిగించడానికి ఒకప్పుడు వైరు లాగేవారు. జనం కాళ్లకు తగిలేది. ఇంకో ఫ్లాష్ మెరుపు చూసి వెలిగే ఆప్టికల్ స్లేవ్ ఎవరి ఫ్లాష్‌కైనా స్పందిస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ ట్రిగ్గర్‌కు ఎదుట అడ్డం ఉండకూడదు. రేడియో సంకేతం మాత్రం జనాన్నీ పూల తెరల్నీ దాటుకుని పోతుంది. 2012లో కెనాన్ 600ఈఎక్స్-ఆర్‌టీ ఫ్లాష్‌లోనే రేడియోను ఇమిడ్చింది. ఇప్పుడు గోడాక్స్ వంటి సంస్థల ట్రిగ్గర్లు 2.4 గిగాహెర్ట్జ్‌లో 32 ఛానళ్లతో చాలామంది చేతికి అందాయి.

ఈ ట్రిగ్గర్లతో ఫ్లాష్‌లను గ్రూపులుగా విడదీసి నడపవచ్చు. ఆ గ్రూపుల విలువ వధూవరుల మధ్య పట్టే అడ్డుతెర దగ్గర తెలుస్తుంది. తెర అడ్డం ఉన్నంతసేపూ ఒక్క ఫ్లాష్ ఇద్దరికీ చాలదు. పెళ్లికూతురి వైపు ఒకటి 'ఎ' గ్రూపులో, పెళ్లికొడుకు వైపు ఒకటి 'బి' గ్రూపులో పెడితే, కెమెరా మీది ట్రిగ్గర్ నుంచే దేని పవర్ దానికి మార్చుకోవచ్చు. తెర దించగానే ఒకదాన్ని తగ్గించవచ్చు. మండపం మీదికి ఎవరూ ఎక్కనక్కర్లేదు.

తలంబ్రాలకు మండపం వెనక మూల నుంచి ఒక ఫ్లాష్ కావాలి. వెనక వెలుగు పడితేనే పసుపు బియ్యం గింజ గింజగా మెరుస్తుంది. తక్కువ పవర్‌లో ఫ్లాష్ వెలిగే కాలం సెకనులో వెయ్యో వంతు కన్నా బాగా తక్కువ కాబట్టి, గాలిలోని గింజ ఉన్నచోటే ఆగినట్టు పడుతుంది. హోమం వేళ అదే వెనక ఫ్లాష్‌ను తగ్గించాలి. లేకపోతే పొగంతా తెల్లగా వెలిగి ముఖాలను కప్పేస్తుంది.

మధుపర్కాలు కట్టాక, ఫ్లాష్ పవర్‌ను కెమెరాయే నిర్ణయించే టీటీఎల్‌ను పూర్తిగా నమ్మలేం. తెల్లబట్టను చూసి కెమెరా వెలుగు ఎక్కువైందనుకుంటుంది, పవర్ తగ్గిస్తుంది, ముఖాలు నల్లబడతాయి. పీటల మీద కూర్చున్నవారు ఎటూ కదలరు కాబట్టి, మాన్యువల్‌లో ఒకసారి కుదిర్చిన పవర్ ఆ ఘట్టం చివరిదాకా నిలుస్తుంది.

మిగిలినది క్రమశిక్షణ. రెండు వైపుల ఫొటోగ్రాఫర్లూ ఒకే ఛానల్ మీద ఉంటే ఒకరి ఫ్లాష్‌లు మరొకరికి వెలుగుతాయి. ముహూర్తానికి ముందే మాట్లాడుకోవాలి. చాలా కెమెరాల్లో షట్టర్ వేగం 1/200 లేదా 1/250 సెకను దాటితే ఫొటోలో నల్లపట్టీ పడుతుంది. హైస్పీడ్ సింక్ పెడితే పట్టీ పోతుంది గానీ పవర్ తగ్గుతుంది. స్టాండ్లను పందిరి గుంజలకు కట్టాలి, ట్రిగ్గర్‌లో కొత్త బ్యాటరీలు వేయాలి.

పెళ్లి చూడటానికి వచ్చినవారికి లైట్లు పట్టుకున్నవారి వీపులే కనిపించడం మనకు అలవాటైపోయింది. ఆ అలవాటు పోవాలి. ట్రిగ్గర్ వాడటం నేర్చినవాడు పురోహితుణ్ణి ముందే కలిసి వరస తెలుసుకుంటాడు, లైట్లు నిలబెట్టి పక్కకు తప్పుకుంటాడు. అప్పుడు ఆల్బమ్‌కు మంచి ఫొటోలూ దక్కుతాయి, చుట్టాలకు పెళ్లీ కనిపిస్తుంది.