ఆఫ్‌సెట్ అంకె చెప్పేదెంత, చెప్పనిదెంత?

కారుకు కొత్త చక్రాలు కొనేటప్పుడు తరచుగా వినిపించే మాట ఒకటున్నది: "బోల్టుల రంధ్రాలు కుదిరినవి గనుక చక్రం కుదిరినట్లే." ఈ మాట సగమే నిజం.

చక్రం వెడల్పును సరిగా సగం చేసే తలాన్ని ఊహించండి. చక్రంలో హబ్బుకు ఆనే ముఖం ఆ తలానికి ఎంత దూరాన ఉన్నదో, అదే ఆఫ్‌సెట్. ఆ ముఖం తలానికి బయటివైపున ఉంటే ధనం, లోపలివైపున ఉంటే ఋణం. చక్రంపై 'ఈటీ 45' అని ఉంటే ధన 45 మిల్లీమీటర్లని అర్థం.

ఈ అంకెను ఒంటరిగా చదవడం మొదటి పొరపాటు. చక్రపు అంచులు ఎక్కడికి వస్తాయో తెలియాలంటే వెడల్పు కూడ తెలియాలి. 6 అంగుళాల ఈటీ 45 చక్రం తీసి, 7 అంగుళాల ఈటీ 35 చక్రం బిగించామనుకొందాం. పెరిగిన అంగుళంలో సగం, అనగా 12.7 మి.మీ., ఒక్కొక్క వైపుకు పోతుంది. ఆఫ్‌సెట్ తగ్గినందువల్ల చక్రమంతా 10 మి.మీ. బయటికి జరుగుతుంది. కావున బయటి అంచు 22.7 మి.మీ. బయటికి పోతుంది; లోపలి అంచు 2.7 మి.మీ. మాత్రమే లోపలికి పోతుంది. టైరు మడ్‌గార్డుకు ఒరుసుకొనేది ఇందువల్లనే.

ఆఫ్‌సెట్ తగ్గిస్తే మలుపులలో నిలకడ పెరుగుతుందని కొందరు వాదిస్తారు. ఇది పూర్తిగా అబద్ధం కాదు. ఎడమ కుడి చక్రాల మధ్య దూరం పెరిగితే కారు ఒరగడం కొంత తగ్గుతుంది. కాని వారు రెండవ పక్షాన్ని చెప్పరు: బేరింగులపై భారం పెరుగుతుంది, స్టీరింగు స్వభావం మారుతుంది.

స్టీరింగు అక్షాన్ని నేలవరకు పొడిగించండి. అది నేలను తాకే బిందువుకు, టైరు నేలను ఆనే చోటికి మధ్యగల దూరం మీటవలె పనిచేస్తుంది. ఒక చక్రం పొడినేలపై, మరొకటి బురదపై ఉండగా బ్రేకు వేస్తే ఈ మీటయే స్టీరింగును లాగుతుంది. 1972లో వచ్చిన ఆడి 80 కారులో ఆ బిందువు టైరు మధ్యకు వెలుపల పడేట్లు అమర్చారు. అందువల్ల బ్రేకు వేసినప్పుడు కారు పక్కకు తిరగకుండ స్టీరింగే కొంత సర్దుతుంది. అటువంటి కారుకు ఆఫ్‌సెట్ మరీ తగ్గిన చక్రం బిగిస్తే ఆ మేలు పోతుంది.

కావున తయారీదారు ఇచ్చిన ఆఫ్‌సెట్‌కు దగ్గరగా ఉండడమే మేలు. వెడల్పు మార్చదలిస్తే రెండు అంచులను లెక్కకట్టి చూడవలెను. ఉపాధ్యాయులు ఈ లెక్కను గళ్ళకాగితంపై విద్యార్థులచేత గీయించవచ్చును.