తాళం తిప్పాక ఎంతసేపటికి?

బాష్ కంపెనీ కె-జెట్రానిక్ అనే పెట్రోలు ఇంజెక్షన్ పద్ధతిని 1973లో మార్కెట్లోకి తెచ్చింది. మొదట పోర్షే 911లో, తర్వాత వోల్వో 240, మెర్సిడెస్ 280ఇ, ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జిటిఐ వంటి కార్లలో అది కనిపించింది. జర్మనీలో, స్వీడన్‌లో, అమెరికాలో వాటిని ఇప్పటికీ ఇష్టంగా నడుపుకునేవాళ్లున్నారు. వాళ్లను ఎక్కువగా వేధించేది పొద్దున్నే వచ్చే స్టార్టింగ్ ట్రబుల్. తొలినాళ్ల కె-జెట్రానిక్‌లో కంప్యూటర్ లేదు. తప్పు ఎక్కడుందో చెప్పే లైటూ లేదు, కోడూ లేదు. అందుకే దీన్ని బాగుచేయడం అదృష్టం మీద ఆధారపడిన వ్యవహారమని చాలామంది అనుకుంటారు. నిజానికి ఇంత పద్ధతిగా జవాబు చెప్పే యంత్రాలు అరుదు. మొదట అడగాల్సింది ఒక్కటే: తాళం తిప్పాక ఎంతసేపటికి ఇబ్బంది మొదలైంది? పాత మెకానిక్కుల పరీక్షలన్నీ ఆ ప్రశ్న చుట్టూనే అల్లుకున్నాయి. భాగాలు మార్చుకుంటూ పోవడం కంటే ఆ పద్ధతే ఇవాళ్టికీ చవకైనదీ, నమ్మదగినదీ అని నా వాదన.

పెట్రోలు ద్రవంగా ఉండగా మండదు. ఆవిరై గాలితో కలిసినప్పుడే మండుతుంది. బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి కావాలి. చల్లని ఇంజిన్లో ఈ లెక్క తప్పుతుంది. చిమ్మిన పెట్రోల్లో తేలికపాటి భాగమే ఆవిరవుతుంది, మిగతాది మానిఫోల్డ్ గోడలకూ వాల్వుల వెనకా తడిగా అంటుకుపోతుంది. అందుకే మామూలు కంటే చాలా ఎక్కువ పోస్తే తప్ప మండేటంత ఆవిరి సిలిండర్లోకి చేరదు. కార్బురేటర్ రోజుల్లో ఈ పని చోక్‌ది. దాన్ని లాగి, ఇంజిన్ చప్పుడు వింటూ కొద్దికొద్దిగా లోపలికి తోసే చెయ్యి ఒకటుండేది. చలి అంటే మంచు కురిసే చలే అనుకోనక్కర్లేదు. ఈ కార్లలోని థర్మో టైమ్ స్విచ్ దృష్టిలో సుమారు 35 డిగ్రీలకు తక్కువున్న ప్రతి ఇంజినూ చల్లనిదే. ఆ లెక్కన బెజవాడలో సంక్రాంతి పొద్దు కూడా చలికిందికే వస్తుంది.

చోక్ చేసే పనిని బాష్ ఇంజినీర్లు ఒకే భాగానికి అప్పగించలేదు. మూడింటికి పంచి, ఒక్కోదానికి ఒక్కో గడువు పెట్టారు. మొదటిది కోల్డ్ స్టార్ట్ వాల్వ్. సెల్ఫ్ తిరుగుతున్నప్పుడు మానిఫోల్డ్‌లోకి అదనపు పెట్రోలును సన్నని తుంపరగా చిమ్ముతుంది. అది ఎంతసేపు చిమ్మాలో థర్మో టైమ్ స్విచ్ నిర్ణయిస్తుంది: మైనస్ 20 డిగ్రీల చలిలో కూడా సుమారు ఎనిమిది సెకన్లే, ఇంజిన్ ఎంత వెచ్చగా ఉంటే అంత తక్కువ. రెండోది ఆక్సిలరీ ఎయిర్ వాల్వ్. బిగుసుకుపోయిన చల్లని ఇంజిన్ ఆగిపోకుండా కొన్ని నిమిషాల పాటు అదనపు గాలినిచ్చి, తర్వాత మెల్లగా మూసుకుంటుంది. మూడోది వార్మప్ రెగ్యులేటర్. పెట్రోలు కొలిచే ప్లంజర్ నెత్తిమీద కంట్రోల్ ప్రెజర్ ఎప్పుడూ కిందికి నొక్కుతూ ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు రెగ్యులేటర్ ఆ ఒత్తిడి తగ్గిస్తే ప్లంజర్ ఎక్కువ లేచి ఎక్కువ పెట్రోలు వదులుతుంది. రెగ్యులేటర్ లోపలి బైమెటల్ పట్టీ కరెంటుతో వేడెక్కే కొద్దీ ఒత్తిడి పెరిగి, ధార సన్నబడుతుంది. మోడల్‌ని బట్టి అంకెలు మారతాయి గానీ, 20 డిగ్రీల దగ్గర సుమారు 1.5 బార్, వేడెక్కాక 3.5 బార్ చుట్టుపక్కల ఉండటం మామూలు.

గడువులు వేరు కాబట్టి తప్పులు బయటపడే వేళలూ వేరు. సెల్ఫ్ ఎంత కొట్టినా అందుకోకపోతే అనుమానం కోల్డ్ స్టార్ట్ వాల్వ్ మీదికీ, దాని స్విచ్ మీదికీ పోవాలి. అందుకుని, యాక్సిలరేటర్ మీద కాలు తీయగానే ఆగిపోతే ఎయిర్ వాల్వ్ మీదికి. అందుకుని, ఆగకుండా నడుస్తూనే మిస్సింగ్ కొడుతూ, కాలు నొక్కితే దగ్గి, ఐదు నిమిషాల తర్వాత ఏమీ ఎరగనట్టు కుదుటపడితే కంట్రోల్ ప్రెజర్ చూడాలి. పొద్దున్న బాగా స్టార్టయి, ఎండలో పెట్రోలు బంకు దగ్గర పది నిమిషాలు ఆపాక మొండికేసేది మరో జబ్బు. ఆపాక పైపుల్లో ప్రెజర్ నిలవక, వేడికి పెట్రోలు లోపలే ఆవిరైతే వచ్చేది అది. దాన్ని కోల్డ్ స్టార్ట్ కింద జమకట్టి మంచి భాగాలు పారేసినవాళ్లకు కొదవ లేదు.

పరీక్షలు కూడా ఈ వరుసలోనే సాగుతాయి. కోల్డ్ స్టార్ట్ వాల్వ్ ప్లగ్ ఊడదీసి, వైరు కొసల మధ్య టెస్ట్ ల్యాంప్ పెట్టి సెల్ఫ్ కొడితే, చల్లని ఇంజిన్లో అది కొన్ని సెకన్లు వెలిగి ఆరిపోవాలి. వెలగకపోతే స్విచ్‌దో వైరుదో తప్పు. వెలిగితే వాల్వును బయటికి తీసి గాజు సీసాలోకి చిమ్మించి చూడాలి. తుంపర శంఖాకారంలో రావాలి, కరెంటు ఆపాక చుక్క కూడా కారకూడదు. (ఇగ్నిషన్ వైరు ఊడదీయకుండా, మంటలార్పే సిలిండర్ పక్కన లేకుండా ఈ పని మొదలుపెట్టేవాణ్ణి మెకానిక్ అనలేం.) ఎయిర్ వాల్వ్ గొట్టాన్ని చల్లగా ఉన్నప్పుడు నొక్కి పట్టుకుంటే ఇంజిన్ వేగం పడిపోవాలి, వేడెక్కాక నొక్కితే మార్పు ఉండకూడదు. మూడోదానికి ప్రెజర్ గేజ్ తప్పనిసరి. చార్ల్స్ ప్రోబ్స్ట్ బాష్ ఇంజెక్షన్ మీద రాసిన పుస్తకం ఇలాంటి పరీక్షలను సామాన్య యజమానికి కూడా అందుబాటులోకి తెచ్చింది. ఇక్కడ అసలు కష్టం ఓపిక. ఒకసారి వేడెక్కిందా, మళ్లీ చల్లని ఇంజిన్ దొరికేది మర్నాడే.

ఇవేవీ మొదలుపెట్టక ముందే బ్యాటరీ, ప్లగ్గులు, నెలల తరబడి ట్యాంకులో ఉండి తేలిక భాగం ఎగిరిపోయిన పెట్రోలు చూసుకోవాలి. గాలి లీకు కూడా. ఈ పద్ధతిలో లోపలికి వెళ్లే ప్రతి గాలీ దాన్ని కొలిచే సెన్సర్ పలకను దాటి వెళ్లాలి. పగిలిన రబ్బరు గొట్టంలోంచి దొంగచాటుగా వెళ్లినదానికి పెట్రోలు అందదు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే చప్పుడు తడబడాలి. తడబడకపోతే గాలి ఎక్కడో ముందే జొరబడుతోందన్నమాట.

నలభై ఏళ్ల భాగాలు ఎలాగూ పాతవే కదా, అన్నీ ఒకేసారి మార్చేస్తే పోదా అని అడగొచ్చు. అడగడంలో న్యాయం ఉంది: రబ్బరు గొట్టాలు, ఫిల్టర్ల విషయంలో నేనూ అదే అంటాను. కానీ వార్మప్ రెగ్యులేటర్ ఖరీదైన వస్తువు, ఒక్కో ఇంజిన్‌కి ఒక్కో నంబరుది. వేరే నంబరుది బిగిస్తే ఉన్న జబ్బుకు కొత్తది తోడవుతుంది. పైగా మూడు భాగాలూ ఒకే రోజు మార్చాక ఇంజిన్ బాగైతే ఏది చెడిందో తెలియదు, బాగుకాకపోతే ఏ కొత్తది మంచిదో తెలియదు. మరికొందరు కోల్డ్ స్టార్ట్ వాల్వుకు డాష్‌బోర్డు నుంచి ఒక బటన్ వైరు లాగేస్తారు. పని చేస్తుంది, కాదనను. స్విచ్ గడువు మాత్రం ఆ బటన్‌కి తెలియదు. వేలు కాస్త ఎక్కువసేపు నొక్కితే ప్లగ్గులు తడుస్తాయి, సిలిండర్ గోడల మీది ఆయిల్ కడిగేసినట్టు పోతుంది. దారిలో చిక్కుకున్నప్పుడు ఇల్లు చేరడానికి సరే. దాన్నే శాశ్వతం చేసుకోవడం తప్పు.

ఇదంతా కంప్యూటర్ లేని కార్ల ముచ్చట, స్కానర్ వచ్చాక దీని అవసరమేముంది అన్న మాటకు ఎల్-జెట్రానిక్ నుంచే జవాబు దొరుకుతుంది. 1974లో వచ్చిన ఆ పద్ధతిలో ఇంజిన్ వేడిని ఒక సెన్సర్ ఎలక్ట్రానిక్ పెట్టెకు చెబుతుంది: 20 డిగ్రీల దగ్గర సుమారు 2500 ఓమ్‌లు, 80 దగ్గర 300 చిల్లర. వైరు తెగితే ఆ పెట్టె విపరీతమైన చలి అనుకుని పెట్రోలు కుమ్మరిస్తుంది. మన దగ్గర 2000 ప్రాంతంలో వచ్చిన ఎంపీఎఫ్ఐ కార్లలో ఆ తెగుడు కోడ్‌గా పడుతుంది. అయితే బయట 15 డిగ్రీలున్న పొద్దున్న సెన్సర్ 45 అని చెబితే? అది సాధ్యమయ్యే అంకే కాబట్టి పాత కంప్యూటర్ నమ్మేసి పెట్రోలు కోసేస్తుంది. లైటు వెలగదు, బండి కదలదు. రాత్రంతా నిలిపిన కారులో కూలెంట్ వేడి సెన్సర్, గాలి వేడి సెన్సర్ దాదాపు ఒకే అంకె చూపాలి. స్టార్ట్ చేయకముందే ఆ రెండూ పోల్చాలన్న ఊహ రావాలంటే మళ్లీ వేళ సంగతి తెలిసుండాలి. స్కానర్ అంకె ఇస్తుంది, ఆ అంకెను ఎప్పుడు చూడాలో చెప్పదు.

ఒక్క ఒప్పుకోలు మాత్రం తప్పదు. ఈ పాత కార్ల మాన్యువళ్లలోని అంకెలు ఇథనాల్ కలపని పెట్రోలుకు రాసినవి. ఇథనాల్ ఆవిరి కావడానికి పెట్రోలు కంటే చాలా ఎక్కువ వేడి తీసుకుంటుంది, తనతో ఆక్సిజన్ కూడా తెస్తుంది. పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే లాంబ్డా సెన్సర్ లేని కె-జెట్రానిక్ ఆ తేడాను తనంతట తాను సరిదిద్దుకోలేదు. పది శాతం ఇథనాల్ పోసిన కారులో గేజ్ మాన్యువల్ చెప్పిన అంకే చూపిస్తున్నా, మొదటి రెండు నిమిషాలు ఇంజిన్ దగ్గుతుంటే, చల్లని కంట్రోల్ ప్రెజర్‌ను ఆ అంకెకు కొద్దిగా కిందికి దించి, మర్నాడు పొద్దున్న మళ్లీ తాళం తిప్పి చూడాలి.